కాల్ రూంలో పల్లి ముద్ద

మొన్న నాగర్‌కర్నూల్‌లో మా పిల్లలకు ఆత్మవిశ్వాసం నేర్పడానికి పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. నేను అక్కడ పరుగు నేర్పే టీచరును కాబట్టి పిల్లలను వరుసగా కూర్చోబెట్టే పని నాకే పడింది. "పోటీకి ముందు ఎదుటివాళ్ల కళ్లల్లోకి సూటిగా చూడండి. గెలిచేది నేనే అని పైకి అనండి. మొహమాటం వద్దు" అని ఆయన చాలాసేపు చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ పని నేను ఒకప్పుడు చేశాను. ఎవరూ నేర్పకుండానే చేశాను. చేసినందుకు నాకు దక్కింది ఏమిటో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది వీపనగండ్ల దగ్గర పల్లె. అమ్మ కూలికి పోయేది. పనులు దొరకని కాలంలో అమ్మానాన్నలిద్దరూ వలస పోయేవారు. బడికి సెలవులిస్తే నేనూ అమ్మ వెంట చేనుకు పోయేదాన్ని. పల్లి చేనులో కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లంతా గట్టు వెంట వరుసగా నిలబడి, ఎవరి ముందున్న సాళ్లు వాళ్లు పట్టుకొని అవతలి గట్టుదాకా పోతారు. ఒక్కొక్కరి వంతుకు వచ్చిన ఆ పట్టీని మునుం అంటారు. అమ్మ చెయ్యి వేగం. నోరు అంతకంటే వేగం. పక్క మునుంలో తనతో సమానంగా వచ్చే ఆమెను తలెత్తకుండానే ఆటపట్టించేది.

"జర జల్ది రా వదినె. నువ్వొచ్చెటాల్లకు నీ ఎనక కలుపు మళ్ల మొలుస్తున్నది."

ఆమె చేతులు వేగం పుంజుకునేవి. దాంతో అమ్మ చేతులూ, వాళ్లిద్దరి వెనక మొత్తం వరుస చేతులూ వేగంగా ఆడేవి. పొద్దు వంగేలోపు చేను అయిపోయేది.

ఈ మాటలకు ఒక పద్ధతి ఉండేది. వెనకబడ్డ ముసలామెనో, బాలింతనో, కొత్తగా పనికి వచ్చిన పిల్లనో ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. పక్కవాళ్లే ఆమె మునుంలో చెయ్యి వేసి కొంత కలుపు పీకి పెట్టి పోయేవారు. మాట అనేది సమానంగా వచ్చేదాన్నే. నిన్ను లెక్కలోకి తీసుకున్నాను అని చెప్పడమే అది. ఇంకో నియమం కూడా ఉండేది. మాట అన్న మనిషి పగటి పూట సద్ది విప్పినప్పుడు మొదటి ముద్ద తీసి, మాట పడ్డ మనిషి చేతిలో పెట్టాలి. పెట్టకపోతే ఆ మాట తిట్టు కింద జమ. పెట్టిన ముద్ద తినకపోతే అది అంతకంటే పెద్ద తిట్టు. అలా ముద్ద తినక మాటలు మానేసిన ఇద్దరు ఒకే గుంపులో ఏళ్లకేళ్లు పని చేయడం నేను చూశాను.

నేను పరుగులోకి వచ్చాక నాకు ఆ అలవాటే వచ్చింది. వనపర్తిలో పోటీలు జరిగినా, నాగర్‌కర్నూల్‌లో జరిగినా, పరుగు మొదలయ్యే గీత దగ్గర నిలబడి పక్కమ్మాయిని ఒక మాట అనకపోతే నా కాళ్లు కదిలేవి కావు. మా దిక్కు అమ్మాయిలకు ఇదంతా తెలుసు. నల్లమల పక్క గూడెం నుంచి వచ్చే ఒకమ్మాయి ఉండేది. నేను నోరు తెరిస్తే చాలు, "మా దిక్కు ఎలుగుబంటి ఎంటబడ్డా నేను పెద్దగ ఉరక. నీ కోసం ఏమురుకుత" అనేది. ఇద్దరం నవ్వుకొని పరుగెత్తేవాళ్లం. పరుగయ్యాక గోడ నీడన కూర్చొని అమ్మ కట్టి పంపిన పల్లి ముద్ద పంచుకునేవాళ్లం. వేయించిన పల్లీలు, బెల్లం కలిపి రోట్లో దంచి ఉండ చేస్తే అదే పల్లి ముద్ద. అంతకు మించి అందులో ఏమీ ఉండదు. ఈ ముక్క ఇంత విడమరిచి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఒక ఏడాది రాష్ట్ర పోటీలు గద్వాలలో పెట్టారు. నాది పదిహేను వందల మీటర్లు. మొదటి ఇద్దరే జాతీయ పోటీలకు పోతారు. అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. ఈసారి ఎంపిక కాకపోతే పరుగు మానేసి, అమ్మానాన్నలతో పాటు నేనూ వలస పోవాలని ఇంట్లో మాట అయిపోయింది. ఎవరూ బలవంతం చేయలేదు. అన్నం తింటూ మాట్లాడుకున్నాం, నేనే సరే అన్నాను.

పరుగుకు ముందు పేర్లు పిలిచి, నంబర్లూ బూట్లూ చూసి, ట్రాక్ మీదికి పంపేదాకా కూర్చోబెట్టే చోటును కాల్ రూం అంటారు. గద్వాలలో అదొక షామియానా. నాలుగు బెంచీలు, ఒక టేబులు. ఒక పక్క మేము, ఇంకో పక్క మా తర్వాత పరుగెత్తే మగపిల్లలు. వాళ్ల నోళ్లకు అడ్డూ అదుపూ లేదు. ఒకడు లేచి నిలబడి తన వీపు మీది నంబరు చూపిస్తూ, "మంచిగ చూసి పెట్టుకోండ్రి. పరుగు అయిపోయెదాక మీకు ఇదే కనపడేది" అన్నాడు. ఇంకొకడు తొడ చరిచాడు. మెడలో బ్యాడ్జీ వేసుకొని టేబులు వెనక కూర్చున్న పెద్దాయన కడుపుబ్బ నవ్వాడు. "చూసిన్రా, కాన్ఫిడెన్స్ అంటే గిట్ల ఉండాలె" అని మా వైపు కూడా ఒక చూపు చూశాడు. పోటీల పెత్తనమంతా ఆయనదే.

నా పక్కన పట్నం అమ్మాయి కూర్చుంది. ఆమె పరుగు నాకు ముందే తెలుసు. అందరిలో నేను లెక్కలోకి తీసుకున్నది ఆమెనే. ఆమె నా బూట్ల వైపు చూసింది. అడుగు ఊడితే గద్వాల బస్టాండు దగ్గర కుట్టించుకున్న బూట్లు అవి.

"భలే ఉన్నయి. ఎక్కడ కొన్నవ్?" అంది నవ్వుతూ. తర్వాత, "మాకు మట్టి ట్రాక్ అలవాటు లేదు. మీకైతే అలవాటే. మంచి ఎక్స్‌పీరియన్స్ అయితది నీకు, ఎంజాయ్ చెయ్యి" అంది.

ఇది మాట పడేయడం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నీ బూట్లు చిరిగాయి, నువ్వు గెలవడానికి రాలేదు, నేను ఓడితే తప్పు మట్టిది. మూడు మాటలూ అంది. కాకపోతే చక్కెర పూసి అంది. అలాంటిదాన్ని ఏ బ్యాడ్జీవాడూ పట్టుకోడు. నాకు మాత్రం అప్పుడు కోపం రాలేదు. సంతోషమే వేసింది. ఈమెకూ ఆట తెలుసు, నన్ను లెక్కలోకి తీసుకుంది అనుకున్నాను. అందుకే మా పద్ధతిలో బదులు చెప్పాను.

"ఆఖరి రౌండ్ల కండ్లు మూసుకొని ఉరుకు. నేను పోతుంటె లేచే దుమ్ముకు నీకు తొవ్వ కనపడదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. మాట కాస్త గట్టిగా తగిలిందని నాకు అర్థమైంది. మాట అన్నాక మిగిలిన పని ముద్ద పెట్టడమే. సంచిలోంచి పల్లి ముద్ద తీసి, కాగితం విప్పి, ఆమె చేతిలో పెట్టాను. "ఉరికినంక తిను" అని కూడా చెప్పాను. ఆమె దాన్ని పట్టుకొని కాసేపు చూసింది. తర్వాత లేచి షామియానా బయట, మా మాటలు వినపడేంత దూరంలో నిలబడ్డ తన కోచ్ దగ్గరికి పోయింది.

అంతే. ఆ తర్వాత జరిగిందంతా నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. కోచ్ లోపలికి దూసుకొచ్చాడు. "మా అమ్మాయిని బెదిరించి, ఏందో తినబెడ్తున్నది" అని కేకలు పెట్టాడు. పెద్దాయన మొహంలో అప్పటిదాకా ఉన్న నవ్వు కనపడకుండా పోయింది. ముద్దను టేబులు మీద పెట్టమన్నాడు. దాన్ని చేత్తో ముట్టుకోలేదు. పెన్ను కొనతో అటూ ఇటూ దొర్లించాడు.

"ఏం కలిపినవ్ దీంట్ల?"

"పల్లీలు, బెల్లం సార్."

"ఇంకా?"

"ఇంకేం లేవు సార్. మా అమ్మ దంచింది."

"ఏం పని చేస్తది మీ అమ్మ?"

కూలి పని అన్నాను. ఏ ఊరని అడిగాడు. ఊళ్లో ఎక్కడ ఉంటారని అడిగాడు. పల్లీలకూ మా వాడకూ సంబంధం ఏమిటని నేను అడగలేదు. నాకు తెలియక కాదు. మా చేతి ముద్ద ఎవరు తింటారో, ఎవరు తినరో మాకు చిన్నప్పటి నుంచే తెలుసు. ఊళ్లో ఆ సంగతి ఎవరూ పెన్ను కొనతో చూపించరు, అంతే తేడా. కానీ పరుగు దగ్గర, నంబర్లు తప్ప ఇంకేమీ ఉండకూడని చోట కూడా అది నా కోసం కాచుకొని ఉంటుందని నేను అనుకోలేదు.

"పోటీల నుంచి తీసేస్తం నిన్ను. ముందుగాల బెదిరించుడు, అటెనక తినబెట్టుడు. గిది చిన్న తప్పు కాదు" అన్నాడు.

తీసేస్తే నా పరుగు ఇక్కడితో సరి. మా దిక్కు పద్ధతి ఇది అని చెప్పబోయాను. మునుం గురించి మొదలుపెట్టాను. ఆయన చేత్తో ఆగమన్నాడు. నన్ను చిన్నప్పటి నుంచి పరుగెత్తించిన మా వనపర్తి సారు ఎక్కడి నుంచో ఉరికొచ్చాడు. పెద్దాయన చెవిలో ఏదో బతిమిలాడాడు. ఆఖరికి తీర్పు వచ్చింది. ఒకటి, అందరి ముందూ చేతులు జోడించి ఆ అమ్మాయికి సారీ చెప్పాలి. రెండు, ఆ ముద్ద నేనే తినాలి. అక్కడే, అప్పుడే, మొత్తం.

"దీంట్ల ఏం లేదంటున్నవ్ కద. తిను మరి" అన్నాడు.

పదిహేను వందల మీటర్లు పరుగెత్తే మనిషి ఆ చివరి గడియల్లో గుక్కెడు నీళ్లు కూడా ఆలోచించి తాగుతుంది. ఇది ఆయనకు తెలియదా? తెలుసు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. మగపిల్లలు కూడా మాటలు ఆపేసి చూస్తున్నారు. వీపు చూపించినవాడు తల వంచుకొని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. నేను మా సారు వైపు చూశాను.

"చెప్పు బిడ్డా" అన్నాడాయన. "చెప్పి ఉరుకు. ఇయ్యాల ఉరుకుడు ముఖ్యం."

నేను చేతులు జోడించాను. సారీ అన్నాను. ఆ అమ్మాయి నేల చూపులు చూస్తోంది. ఒక్క మాట, "ఆమె నన్నేం బెదిరించలే" అన్న ఒక్క మాట అంటుందేమోనని చూశాను. అనలేదు. తర్వాత ముద్ద తిన్నాను. మా అమ్మ దంచిన ముద్ద నా నోట్లో మట్టిలా తిరిగింది. గొంతు దిగక నీళ్లు అడిగితే ఎవరో సీసా ఇచ్చారు. పూర్తయ్యాక పెద్దాయన, "ఆ, పో ఇగ. మర్యాద గూడ ఆటల భాగమే" అన్నాడు.

పరుగు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మొదటిసారి నోరు మూసుకొని గీత దగ్గర నిలబడ్డాను. కడుపులో రాయి పడ్డట్టుంది. మొదటి రౌండు గుంపు మధ్యలో ఇరుక్కుపోయి బయటికి రాలేకపోయాను. ఆఖరి రౌండులో బెల్లం పుల్లగా గొంతులోకి తన్నుకొచ్చింది. మింగి పరుగెత్తాను. ఏడుపు, కోపం, బెల్లం అన్నీ కలిపే మింగాను. పట్నం అమ్మాయిని ఆఖరి గీత దగ్గర దాదాపు అందుకున్నాను. దాదాపే. రెండో స్థానం వచ్చింది. జట్టులో చోటు దక్కింది. అందరూ భుజం తట్టారు. పెద్దాయన కూడా తట్టబోతే నేను పక్కకు జరిగాను.

సాయంత్రం బహుమతుల దగ్గర, వీపు చూపించిన కుర్రవాడు మగపిల్లల పరుగు గెలిచాడని చెప్పి మైకు వాడి చేతికిచ్చారు. "కాల్ రూంల ఏమన్నవో మళ్ల చెప్పు" అని పెద్దాయన అడిగాడు. వాడు చెప్పాడు. మైదానమంతా నవ్వింది. వాడి మీద నాకు కోపం లేదు, వాడు అన్నది మంచి మాటే. నా వంతు వచ్చినప్పుడు మైకు పట్టుకున్న మనిషి నా వైపు చాచాడు. పెద్దాయన మధ్యలోనే అందుకొని, "ఈమెకు ఇయ్యకు, మళ్ల ఎవర్నన్న బెదిరిస్తది" అన్నాడు. దానికీ నవ్వారు. మా దిక్కువాళ్లు కూడా నవ్వారు. అది ఇంకా మంట.

ఇంటికి పోయి అమ్మకు జరిగినదంతా చెప్పాను. జట్టులో చోటు వచ్చిందని ముందే చెప్పాను. అయినా ఆమె అడిగింది వేరే.

"ఆ పిల్ల తిన్నదా?"

"లేదమ్మా. నాతోనే తినిపిచ్చిన్రు."

"తిండిల ఏమన్న కలిపేటోల్లమా మనం" అంది అమ్మ. నన్ను కాదు, గోడను చూసి అంది. మరునాడు చేనులో ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదని పక్క మునుం ఆమె నాకు చెప్పింది. పని కూడా నెమ్మదిగా సాగిందట. తన పల్లీలను, తన రోలును, తన చేతులను ఎవరో అనుమానించారని ఆమె లోపలే కుమిలిపోయింది. నా మీద పడ్డ మాటను నేను మోయగలను. ఆమె ఏం చేసిందని మోయాలి?

జాతీయ పోటీలకు వేరే రాష్ట్రం పోయాం. మా జట్టుకు మేనేజరుగా ఎవరు వచ్చి ఉంటారో చెప్పనక్కర్లేదు, ఆ పెద్దాయనే. రైలులో ఆయన మా అందరికీ అరటిపళ్లు పంచాడు. నేను తీసుకోలేదు. "ఇంకా అలిగే ఉన్నవా?" అని నవ్వాడు. అలకట. దాన్ని ఆయన అలక అనుకున్నాడు.

అక్కడి కాల్ రూం నిజంగా గదే. పెద్ద గది, తెల్లటి లైట్లు. ఉత్తరాది అమ్మాయిలు, కేరళ అమ్మాయిలు అందరూ ఉన్నారు. పొడుగ్గా ఉన్న ఒకామె నా పక్కన కూర్చున్న పట్నం అమ్మాయిని చూసి హిందీలో ఏదో అంది. మీరు వెనక నుంచి నడుచుకుంటూ వచ్చేయండి, మేము పోతూ పోతూ తలుపు తెరిచే ఉంచుతాం అని దాని భావం. గది గొల్లుమంది. నిర్వాహకులు కూడా నవ్వారు. ఎవరినీ ఎవరూ చేతులు జోడించమనలేదు.

పట్నం అమ్మాయి నంబరు గుడ్డకు పిన్ను పెట్టుకుంటోంది. పిన్ను జారి కింద పడింది. నేను తీసి ఇచ్చాను. గద్వాల తర్వాత మేమిద్దరం సరిగా మాట్లాడుకోలేదు.

"ఏమన్న అనవా?" అంది ఆమె మెల్లగా.

"ఏమనాలె?"

"గద్వాలల అన్నవు కద. అట్ల ఏదన్న అను నన్ను. భయమైతున్నది. నువ్వు అట్ల అన్న రోజు నేను మంచిగ ఉరికిన."

నాకు ఆమె మీద జాలి కలగలేదు. కోపమే నోట్లోకి వచ్చింది.

"నా సారీ నాకు వాపస్ ఇయ్యి. అప్పుడు అంట."

ఆమె నన్ను చూసింది. "నేను నీ మీద చాడీ చెప్పలే. తినొచ్చా అని కోచ్‌ను అడిగిన, గంతే. తిందామనే అనుకున్న. ఆడ నోరు తెరిస్తె నన్ను గూడ తీసేస్తరని భయపడ్డ" అంది. తర్వాత బెంచీ మీద నుంచి లేచింది. అన్ని రాష్ట్రాల అమ్మాయిలూ చూస్తుండగా నా ముందు నిలబడి, నేను గద్వాలలో జోడించినట్టే చేతులు జోడించింది.

"సారీ" అంది.

ఇన్నాళ్లూ నేను ఎదురుచూసింది అదే అనుకున్నాను. కానీ ఆ జోడించిన చేతులు చూస్తే నా మనసు చల్లబడలేదు. కోపం రెట్టింపైంది. నాతో సారీ చెప్పించింది ఆమె కాదు. ముద్దను పెన్నుతో దొర్లించింది ఆమె కాదు. మా అమ్మ ఏం పని చేస్తుందని అడిగింది ఆమె కాదు. చెప్పవలసినవాడు బయట మెట్ల మీద హాయిగా కూర్చొని ఉన్నాడు. చేతులు జోడించడం మాత్రం మళ్లీ ఒక పరుగెత్తే ఆడపిల్లకే వచ్చింది. నేను ఆమె చేతులు పట్టుకొని కిందికి దించాను.

"నువ్వు గాదు" అన్నాను. "కూసో. అంట తియ్యి."

అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను, అది ఆమె కోసం అన్నది. ఆమె నవ్వింది, పిన్ను సరిగా పెట్టుకుంది. వెంటనే నన్ను కూడా ఒక మాట అంది, ఈసారి చక్కెర పూయకుండా. అంతలో మా పేర్లు పిలిచారు.

ఇద్దరం ట్రాక్ మీదికి నడిచాం. మెట్ల మీద మా మేనేజరు లేచి నిలబడి, రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకొని మా వైపు అరుస్తున్నాడు.

"కాన్ఫిడెన్స్ బిడ్డా, కాన్ఫిడెన్స్. కండ్లల్ల కండ్లు పెట్టి చూడాలె."

మేమిద్దరం ఆయన వైపు చూడలేదు.